సంఘంలో ఒకరు పాపంలో ఉన్నారని తెలిస్తే ఏం చేయాలి? మొదటి మాట నుంచి తిరిగి చేర్చుకునే దాకా

సంఘంలో ఒక అన్న గురించో అక్క గురించో ఒక సంగతి మీ చెవిన పడింది. నిజమైతే చిన్న విషయం కాదు. ఇప్పుడు మీ ముందు రెండు తేలిక దారులున్నాయి. "మనకెందుకులే, దేవుడే చూసుకుంటాడు" అని చూసీచూడనట్టు ఊరుకోవడం ఒకటి. పాస్టరు గారికి ఫోన్ చేసి, ఆ తర్వాత ఇంకో ఇద్దరికి చెప్పి, ఆదివారం నాటికి ఆ మనిషి పేరు నలుగురి నోట్లో నానేలా చేయడం రెండోది. మన తెలుగు సంఘాల్లో ఎక్కువగా జరిగేవి ఈ రెండే. ఈ రెండూ వాక్యం చెప్పినవి కావు.

మత్తయి 18:15-17లో ప్రభువు చెప్పిన వరుస చాలా సూటిగా ఉంటుంది. ముందు నువ్వూ అతడూ ఒంటరిగా మాట్లాడుకోవాలి, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లాలి, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి, సంఘం మాట కూడా వినకపోతే అతన్ని అన్యుడిగా, సుంకరిగా (పన్ను వసూలు చేసేవాడిగా), అంటే బయటివాడిగా ఎంచాలి. మనవాళ్లు చాలాచోట్ల మూడో మెట్టు మీద మొదలుపెట్టి నాలుగో మెట్టు మీద ఆగిపోతారు. మొదటి మెట్టు దగ్గర ప్రభువు చెప్పిన మాట మాత్రం మర్చిపోతారు: వింటే "నీ సహోదరుని సంపాదించుకొంటివి" అన్నాడు. చేసే పనంతా ఆ సంపాదన కోసమే. విషయం ఎంత తక్కువమందికి తెలిస్తే ఆ మనిషి తిరిగొచ్చే దారి అంత తెరిచి ఉంటుంది, అందుకే ప్రతి మెట్టు దగ్గరా "ఇది ఇంకెవరికైనా తెలియాల్సిన అవసరం నిజంగా ఉందా" అని ఆగి మనల్ని మనం అడగాలి. కొన్ని విషయాల్లో మాత్రం ఉంది, వెంటనే ఉంది. వాటితోనే మొదలుపెడతాను.

ముందు ఇది ఏ రకం సంగతో తేల్చుకోండి

అన్నిటినీ ఒకే గాటన కట్టకండి. కొన్ని అసలు పాపమే కావు. నగలు పెట్టుకుంది, పూలు పెట్టుకుంది, జీన్స్ వేసుకుంది, మన కూడిక మానేసి వేరే కూడికకు వెళ్లాడు, ఇలాంటివి. కొన్ని సంఘాల్లో వీటి మీద గట్టి పట్టింపులుంటాయి, ఆ పట్టింపుల వెనుక భక్తి లేదని నేను అనను. కానీ రోమా 14 ఒకసారి నిదానంగా చదవండి, తిండి విషయంలో, దినాల విషయంలో ఒకరికొకరు తీర్పు తీర్చుకోవద్దని పౌలు ఎంత గట్టిగా చెప్పాడో తెలుస్తుంది. అమ్మాయి చెవి కమ్మల మీద పెద్దల మీటింగ్ పెట్టి, అదే నెలలో లక్షల కట్నం మాట్లాడుకున్న పెళ్లికి మౌనంగా ఆశీర్వాదం ఇచ్చే సంఘం పరిశుద్ధతను కాపాడుతున్నట్టు కాదు. కట్నం అడగడం, ఇవ్వడం, పుచ్చుకోవడం 1961 నుంచి చట్టరీత్యా కూడా నేరమే.

రెండో రకం, వాక్యం పేరు పెట్టి పాపమని చెప్పినవి. 1 కొరింథీ 5:11లో పౌలు ఇచ్చిన వరుస చూడండి: జారుడు, లోభి, విగ్రహారాధకుడు, తిట్టుబోతు, త్రాగుబోతు, దోచుకొనువాడు. జారుడి పక్కనే లోభి ఉన్నాడు, త్రాగుబోతు పక్కనే తిట్టుబోతు ఉన్నాడు. మనం సాధారణంగా ఈ వరుసలో రెండింటి మీదే చర్య తీసుకుంటాం, జారత్వం, తాగుడు. అప్పు ఇచ్చి ముక్కుపిండి వడ్డీ వసూలు చేసే పెద్ద, కోడలిని రోజూ నోటితో చంపే అత్తగారు ముందు వరుసలో కూర్చుని పాటలు పాడుతుంటారు. వాళ్లు కూడా ఈ వరుసలోనే ఉన్నారు.

మూడో రకం నేరం. ఇక్కడ నేను కుండబద్దలు కొట్టినట్టు చెప్పదలుచుకున్నాను. సండే స్కూల్లో, హాస్టల్లో, క్వయర్ ప్రాక్టీసులో, ఎక్కడైనా సరే, పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిసినా, జరగొచ్చని గట్టి అనుమానం వచ్చినా, మత్తయి 18 మెట్లు ఎక్కడం మొదలుపెట్టకండి. పోలీసులకు చెప్పండి, లేదా 1098కి ఫోన్ చేయండి. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టంలో 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన ప్రతి ఒక్కరూ చెప్పి తీరాలి, చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంది. సంస్థకు పెద్దగా ఉన్న వ్యక్తి తన కింద పనిచేసేవాడి నేరాన్ని దాస్తే ఏడాది దాకా జైలు. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవారికి ఆ చట్టమే రక్షణ ఇస్తుంది, కాబట్టి భయపడాల్సిన పని లేదు. ఆ బిడ్డను అతని ఎదుట కూర్చోబెట్టి "ఇప్పుడు చెప్పమ్మా" అనడం, ఇద్దరితో చేతులు కలిపించి ప్రార్థన చేయించడం మహా పాపం, ఎవరు చెప్పినా చేయకండి. బిడ్డ పేరు, ఇంటి పేరు ఎక్కడా బయటికి రానివ్వకండి.

భర్త కొడుతున్నాడని ఒక అక్క చెప్పుకుంటే కూడా "ప్రార్థన చేసుకో, లోబడి ఉండు" అని వెనక్కి పంపించకండి. ముందు ఆమె, పిల్లలు ఆ రాత్రి ఎక్కడ భద్రంగా ఉంటారో చూడండి. 181 నంబరు ఉంది, 2005 నాటి గృహహింస చట్టం ఉంది. అతనికి బుద్ధి చెప్పే పని ఆ తర్వాత.

అప్పుడు ఎవరో ఒకరు 1 కొరింథీ 6 తెరిచి "విశ్వాసులు కోర్టుకు వెళ్లకూడదు కదా" అంటారు. పౌలు అక్కడ మాట్లాడింది సహోదరుల మధ్య అన్యాయాలు, నష్టాలు, ఈ జీవన సంబంధమైన వ్యాజ్యాల గురించి. కీడు చేసేవాణ్ని శిక్షించడానికి దేవుడు అధికారులను నియమించాడని రోమా 13లో రాసింది కూడా ఆ పౌలే. పొలం గట్టు తగాదా సంఘంలో తీర్చుకోండి, బాగుంటుంది. పిల్ల మీద జరిగిన అఘాయిత్యం సంఘంలో తీర్చేది కాదు.

ఇక్కడినుంచి నేను చెప్పేదంతా రెండో రకం గురించే.

విన్నది ఎంత, చూసింది ఎంత

ఒక ఉదాహరణ తీసుకుందాం, చివరిదాకా దాన్నే పట్టుకుని వెళ్దాం. మీ సంఘంలో మందిరం స్లాబ్ కోసం డబ్బు కూడుతోంది. లెక్కలు చూసే అన్న మంచివాడు, ఏళ్ల తరబడి సేవ చేస్తున్నవాడు. ఆ డబ్బులో కొంత తన కూతురి కాలేజీ ఫీజుకు వాడుకున్నాడని మీకు తెలిసింది.

ఎలా తెలిసింది? ఇది మొదటి ప్రశ్న. పాస్‌బుక్ మీరు చూశారా, లేక పాస్‌బుక్ చూసినవాళ్లతో మాట్లాడినవాళ్లు చెప్పారా? ద్వితీయోపదేశకాండం 19:15 ఒక్క సాక్షి మాట మీద ఎవరినీ దోషిగా తేల్చవద్దంటుంది. ఊళ్లో మాట గోరంత బయల్దేరి కొండంత అయి మీ దగ్గరికి చేరుతుంది. మీకు చెప్పినవారిని అడగండి, "నువ్వు కళ్లారా చూశావా? చూసి ఉంటే అన్నతో నువ్వు మాట్లాడావా?" అని. కళ్లారా చూసింది మీకు చెప్పినవారే అయితే వెళ్లాల్సింది వారే, మీరు కాదు. చాలా విషయాలు ఈ ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి.

ఇంకొకటి, దీన్ని ప్రార్థన మనవిగా ఎక్కడా పెట్టకండి. మనలో కొండెములు ఎక్కువగా ప్రయాణించే దారి ఇదే. శుక్రవారం ఉపవాస కూడికలో "పేరు చెప్పనుగానీ, మన లెక్కలు చూసే ఒక కుటుంబం కోసం భారంతో ప్రార్థించండి" అంటే పేరు చెప్పినట్టే. వాట్సాప్ గ్రూపులో చేతులు జోడించిన బొమ్మ పెట్టి "ఒక సహోదరుని రక్షణ కోసం" అని రాస్తే పది నిమిషాల్లో పది ఫోన్లు తిరుగుతాయి. మీకు నిజంగా భారముంటే తలుపు వేసుకుని ప్రార్థించండి. అన్న ఇంటికి వెళ్లే ముందు ఎలాగూ ప్రార్థించాలి.

ఆ ప్రార్థనలో మిమ్మల్ని మీరు కూడా చూసుకోండి. గలతీ 6:1 ఈ పనిని సాత్వికమైన మనస్సుతో చేయమంటుంది, తానూ శోధనలో పడతాడేమో అని చూసుకుంటూ చేయమంటుంది. కిందటి ఏడు కమిటీ ఎన్నికల్లో ఆయనతో మీకు మాటామాటా వచ్చిందా? మీ అబ్బాయి సంబంధం ఆయన కాదన్నాడా? అలాంటిది ఏదైనా మనసులో ఉంటే ముందు అది కడుక్కోండి, లేదా ఆ కక్ష లేని ఇంకొకరిని వెళ్లనివ్వండి. ఆయన తప్పు దొరికిందని లోపల ఎక్కడో చిన్న సంతోషం కలిగితే మీరు ఇంకా సిద్ధంగా లేరన్నమాట.

ఒంటరిగా వెళ్లడం

ఈ మెట్టు మీదే ఎక్కువసేపు నిలబడాలి. సగానికి సగం విషయాలు ఇక్కడే తీరిపోవాలి, తీరితే రెండో మనిషికి తెలియాల్సిన పని లేదు.

ఫోన్లో వద్దు, మెసేజ్ అసలే వద్దు. ఆదివారం ఆరాధన అయ్యాక మందిరం మెట్ల మీద వద్దు, అక్కడ పది జతల కళ్లు చూస్తుంటాయి. భార్యాపిల్లలు ఉన్నప్పుడు ఇంట్లో వద్దు, తండ్రిని పిల్లల ఎదుట తలదించుకునేలా చేసే హక్కు మనకు లేదు. సాయంత్రం పూట పొలం వైపో చెరువు గట్టు వైపో నడుచుకుంటూ వెళ్లడం మంచిది, ఊళ్లో అయితే జనం లేని పార్కు. పక్కపక్కన నడుస్తుంటే ఒకరి మొహం ఒకరు చూడాల్సిన టెన్షన్ తగ్గుతుంది, మాట సులువుగా వస్తుంది. మాట్లాడాల్సింది అక్కతో అయితే మగవాళ్లు ఒంటరిగా వెళ్లకండి. పాస్టరమ్మ గారో, స్త్రీల సమాజంలో నోరు కట్టుకోగల ఒక పెద్దావిడో వెళ్లాలి. ఈ నోరు కట్టుకోవడమన్నది వయసు కన్నా ముఖ్యం.

చుట్టుతిప్పి మాట్లాడకండి. "అన్నా, ఈమధ్య నీ ఆత్మీయ జీవితం ఎలా ఉంది" అని మొదలుపెడితే ఆయనకు ఏదో వస్తోందని అర్థమై గోడ కట్టేసుకుంటాడు. సూటిగా, నెమ్మదిగా చెప్పండి:

"అన్నా, స్లాబ్ డబ్బు గురించి ఒక మాట అడగాలి. మార్చిలో పాస్‌బుక్‌లో తీసిన మొత్తానికి రసీదు కనిపించలేదు. నేను ఎవరికీ చెప్పలేదు. నేను చూసింది తప్పైతే చెప్పు, క్షమాపణ అడుగుతాను. నిజమైతే మాత్రం దీంతో నువ్వు ఒక్కడివే ఉండకూడదని వచ్చాను."

చెప్పి ఆగండి. మౌనం వస్తుంది, ఆ మౌనాన్ని వాక్యాలతో నింపకండి. ఆయన చెప్పేది పూర్తిగా వినండి. మేస్త్రీకి అడ్వాన్స్ ఇచ్చి రసీదు తీసుకోలేదేమో, అప్పుడు విషయం అక్కడికక్కడే ముగిసిపోతుంది, మీరు దేవునికి స్తోత్రం చెప్పి ఇంటికి రావచ్చు. కోపంతో "నన్ను అడగడానికి నువ్వెవరు" అనొచ్చు. ఆ రోజుకు జవాబు చెప్పకండి. చాలామంది మొదట కోప్పడి, రాత్రంతా నిద్రపట్టక, మర్నాడు వాళ్లే ఫోన్ చేస్తారు. రెండోసారి, మూడోసారి కూడా ఒంటరిగానే వెళ్లండి. ఒక్కసారి వెళ్లి "నేను చెప్పాను, వినలేదు" అని టిక్కు పెట్టుకుని పెద్దల దగ్గరికి పరుగెత్తితే అది తప్పించుకోవడమే.

ఒప్పుకుంటే? ఏడిస్తే మీరూ ఆయనతో ఏడవండి, కానీ కన్నీళ్ల దగ్గర ఆపేయకండి. జక్కయ్య ప్రభువు ఎదుట నిలబడి, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు, అప్పుడే కదా ప్రభువు "నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది" అన్నాడు. కాబట్టి ఎంత తీశాడో కాగితం మీద రాయించండి, ఎప్పటికి కడతాడో తేదీలు వేయించండి. ఈ డబ్బు సంఘానిది, మీది కాదు, కాబట్టి మీ ఇద్దరి మధ్యే సర్దేయడం కుదరదు. పెద్దల దగ్గర ఆయనే నోరు తెరిచి చెప్పాలి, మీరు పక్కన నిలబడాలి. పాపం వల్ల నష్టపోయినవాడు ఎవరైతే వారికి తెలియాలి, మిగతావాళ్లకు అక్కర్లేదు. తాగుడు విషయమైతే భార్యకు ఎలాగూ తెలుసు, ఇంకెవరికీ చెప్పే పని లేదు, ఆయన్ని డీ-అడిక్షన్ సెంటరుకు మీరే తీసుకెళ్లండి.

ఒకరిద్దరిని వెంటబెట్టుకుని

వినలేదు. మాట దాటేస్తున్నాడు, లేదా తెలిసి తెలిసి అదే పని చేస్తున్నాడు. ఇప్పుడు ఒకరిద్దరు కావాలి.

ఎవరిని ఎంచుకుంటారన్న దాని మీదే అంతా ఉంది. మీకు వత్తాసు పలికేవాళ్లు వద్దు. ఆయనకు పడనివాళ్లు అసలే వద్దు. చిన్న సంఘాల్లో పెద్దలంతా బావలూ బామ్మర్దులూ వియ్యంకులే అయి ఉంటారు, ఒకే ఇంటిపేరు వాళ్లు, ఒకే పేటవాళ్లు ముగ్గురు వెళితే అది వాళ్ల వర్గం మా వర్గం మీదికి వచ్చిందన్నట్టు అవుతుంది. ఆయన గౌరవించే మనిషి ఒకరైనా ఉండాలి, ఆయనకు బాప్తిస్మం ఇచ్చిన పాత పాస్టరు గారు కావచ్చు, ఆయన సువార్తకు నడిపించిన తమ్ముడు కావచ్చు. వెళ్లినవాళ్ల పని ఆయన్ని చుట్టుముట్టడం కాదు. ఇరువైపులా వినాలి, తప్పు మీదే అని తేలితే అది కూడా మీ మొహం మీద చెప్పాలి, అందుకే వాళ్లు సాక్షులు.

ఇక్కడినుంచి ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. తేదీ, ఎవరు కూర్చున్నారు, ఏం అడిగారు, ఆయన ఏమన్నారు. నాలుగైదు వాక్యాలు చాలు. అందరూ సంతకం పెట్టండి, పుస్తకం ఒకరి దగ్గరే ఉండాలి, ఫోటో తీసి పంపుకోవద్దు. ఆరు నెలల తర్వాత "నేను అలా అనలేదు" అన్న గొడవ వచ్చినప్పుడు దీని విలువ తెలుస్తుంది.

సంఘానికి చెప్పడం

సంఘం అంటే ఎవరో ముందే తేల్చుకోవాలి. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), లూథరన్, బాప్టిస్టు సంఘాల్లో రాసిపెట్టిన నియమావళి ఉంటుంది, పాస్టరేట్ కమిటీ ఉంటుంది, పైన అధికారులుంటారు, ఆ దారినే వెళ్లండి. బ్రదరన్ సహవాసాల్లో పెద్దలు కలిసి నిర్ణయిస్తారు. ఇబ్బంది ఎక్కడంటే, పాస్టరు గారే స్థాపించి పాస్టరు గారే నడిపే స్వతంత్ర సంఘాల్లో. అక్కడ నిర్ణయం ఒక్క మనిషి మూడ్ మీద ఆధారపడుతుంది. మీది అలాంటి సంఘమైతే గొడవలేమీ లేని ఈ రోజుల్లోనే ఒక పేజీ నియమాలు రాసుకుని సంఘంలో చదివి వినిపించండి, పక్క సంఘాల్లోని ఇద్దరు పెద్దలను ఇలాంటి సమయాల్లో వచ్చి కూర్చోవడానికి ఒప్పించి పెట్టుకోండి.

చెప్పే రోజు ఎలా ఉండాలో వివరంగా చెబుతాను, ఎందుకంటే చాలామంది జీవితాలు ఇక్కడే పాడయ్యాయి. ముందుగా ఆ అన్నకు తెలియజేయండి, "ఫలానా ఆదివారం చెప్పబోతున్నాం, అప్పటిలోగా నువ్వు వస్తే ఆపేస్తాం" అని. ఆ రోజు ఆరాధన ముగించి, కొత్తవాళ్లను, పిల్లలను పంపించేసి, బాప్తిస్మం పొంది ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచరణలో) పాలుపొందే సభ్యులతో మాత్రమే కూర్చోండి. యూట్యూబ్ లైవ్ ఆపండి, ఆపినట్టు ఒకరు వెళ్లి చూసి రావాలి. పల్లెల్లో మందిరం మీద హార్న్ మైకు ఉంటుంది, అది కట్టేయకుండా మాట్లాడితే మీరు సంఘానికి చెప్పినట్టు కాదు, ఊరంతటికీ చాటింపు వేసినట్టు. మైకు లేకుండా మామూలు గొంతుతో చెప్పండి.

చెప్పేది మూడు నాలుగు వాక్యాలు మించకూడదు. "మన సహోదరుడు మందిరపు డబ్బు విషయంలో నమ్మకం తప్పాడు. ఒకరుగా, తర్వాత ముగ్గురుగా వెళ్లి బతిమాలాం, ఒప్పుకోలేదు. మీలో ఆయనతో చనువున్నవాళ్లు వెళ్లి ప్రేమతో మాట్లాడండి, అందరం ప్రార్థిద్దాం, నెల తర్వాత మళ్లీ కూర్చుందాం." అంతే. ఎంత, ఎప్పుడు, కూతురి ఫీజు, ఇవేవీ వద్దు. కూతురి పేరు అక్కడ ఎత్తితే ఆ పిల్ల జన్మలో మళ్లీ మందిరం గడప తొక్కదు. వ్యభిచారం విషయమైతే రెండో మనిషి పేరు, వివరాలు నోట రాకూడదు. నోరు జారి నిరూపించలేని మాట అంటే పరువు నష్టం కేసు కూడా పడొచ్చు, భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్ దాని గురించే.

చెప్పేవాడి మొహంలో దుఃఖం కనిపించాలి. కొరింథులో ఒకడు తండ్రి భార్యను ఉంచుకున్నప్పుడు పౌలు ఆ సంఘాన్ని మొదట తప్పుపట్టింది ఇందుకే, మీరు దుఃఖపడకుండా ఉప్పొంగుతున్నారన్నాడు.

దూరం పెట్టడం అంటే ఎంతవరకు

నెల గడిచింది, ఆయన మారలేదు. ఇక బల్లకు దూరం పెట్టాలి. లెక్కల పని, కమిటీ, క్వయర్, సండే స్కూలు, ప్రార్థన నడిపించడం, ఓటు, అన్నీ ఆపాలి. ఇందులో మెతకదనం చూపించకండి. పులిసిన పిండి కొంచెమైనా ముద్దంతా పులియజేస్తుందని పౌలు చెప్పింది నిజం. ఒకరి మోసాన్ని అందరూ చూస్తూ ఊరుకుంటే యూత్ పిల్లలకు మనం ఏ ప్రసంగం చెప్పినా గాలికి పోతుంది.

కానీ ఎంతవరకు అన్నది మన నేల మీద చాలా జాగ్రత్తగా గీయాల్సిన గీత. వెలి అంటే ఏమిటో మన పెద్దలు పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు. తెలుగు క్రైస్తవుల్లో ఎక్కువమంది మాల, మాదిగ పల్లెల నుంచి వచ్చినవాళ్లు. 1878లో ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ కాలంలో విశ్వాసులు విగ్రహాలకు మొక్కడం, చచ్చిన పశువు మాంసం తినడం, ఆదివారం పని చేయడం మానేసినందుకు ఊరి పెత్తందార్ల చేతిలో ఎన్నో బాధలు పడ్డారు. పరిశుద్ధత కోసం అంత భరించినవారి మనవలం మనం. ఆ పెత్తందార్లు చేసిన పనిని మందిరంలో మనం చేయకూడదు.

కాబట్టి ఇవి ముట్టుకోకండి. ఆయన వచ్చి వెనక కూర్చుని వాక్యం వినడాన్ని ఆపకండి, వినకుండా మారేది ఎలా? భార్యకు బల్ల ఆపకండి, తప్పు ఆమెది కాదు. పిల్లలు సండే స్కూలుకు రావాలి, క్రిస్మస్ నాటకంలో వేషం వాళ్లదే. ఆ ఇంట్లో చావు జరిగితే సంఘమంతా వెళ్లాలి, సమాధి తోటలో చోటు ఇవ్వాలి. కూలి పని, పాలు, అప్పు, పలకరింపు, ఏవీ ఆగకూడదు.

"అట్టివానితో భుజింపనుకూడదు" అని 1 కొరింథీ 5లో ఉంది కదా అని మీరు అడగొచ్చు. ఉంది, దాన్ని తేలిక చేయను. సహోదరుడిననే పేరు మోస్తూ పాపంలో కొనసాగేవాడితో ఏమీ జరగనట్టు బల్ల దగ్గరా ప్రేమ విందులోనూ కలిసి కూర్చోవద్దని నేను అర్థం చేసుకుంటాను. అదే పౌలు 2 థెస్సలొనీక 3:15లో అతన్ని శత్రువుగా భావించక సహోదరునిగా బుద్ధి చెప్పమన్నాడు. సుంకరిగా ఎంచమన్న ప్రభువు సుంకరుల ఇళ్లకు వెళ్లాడు, ఆ మాటను మనకు రాసిపెట్టిన మత్తయి స్వయంగా సుంకరి. పదిహేను రోజులకు ఒకసారైనా ఆయన ఇంటికి ఎవరు వెళ్లాలో పేరు పెట్టి నిర్ణయించండి, లేకపోతే ఎవరూ వెళ్లరు.

తప్పు చేసింది పెద్ద అయితే, పాస్టరు అయితే

1 తిమోతి 5:19-21 చదవండి. ఇద్దరు ముగ్గురు సాక్షులుంటేనే గాని పెద్ద మీద దోషారోపణ అంగీకరించకూడదు, ఇది అబద్ధపు నిందల నుంచి రక్షణ. తర్వాతి వచనమే, పాపం చేసేవారిని అందరి ఎదుట గద్దించమంటుంది, ఆ తర్వాతిది పక్షపాతంతో ఏమీ చేయవద్దని దేవుని ఎదుట ఆనబెడుతుంది. మనం మొదటి వచనం మాత్రం బట్టీపట్టాం. "అభిషిక్తుని ముట్టవద్దు" అని నోరు మూయించేవారికి నాతాను ప్రవక్తను గుర్తుచేయండి. దావీదు అభిషిక్తుడే, నాతాను అతని మొహం మీదే "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు.

పేదింటి అమ్మాయి ఎవరితోనో వెళ్లిపోతే తల్లిదండ్రులను కూడా నిలబెట్టి అడిగే సంఘం, స్థలం కాగితాలు సొంత పేరున రాయించుకున్న నాయకుణ్ని అడగలేకపోతే, ఆ క్రమశిక్షణను ఊళ్లో ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా. నాయకుడి విషయంలో బయటి పెద్దలను తప్పకుండా పిలవండి, విచారణ జరిగినన్నాళ్లు ఆయన ప్రసంగ పీఠం ఎక్కకూడదు, ఆ కుటుంబానికి తిండికి లోటు రాకుండా సంఘం చూడాలి. అసలు అక్కడిదాకా రాకుండా, బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలు, మూడు నెలలకోసారి సంఘంలో లెక్క చదవడం, కానుకలు ఇద్దరు కలిసి లెక్కపెట్టడం, ఆస్తి సొసైటీ పేరునే ఉండడం, పిల్లల గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దలు, తలుపు తెరిచి. ఇవి అనుమానంతో పెట్టుకునే నియమాలు కావు, మన అన్నను శోధన నుంచి కాపాడే నియమాలు. పై ఉదాహరణలో అన్న పడిపోవడానికి సగం కారణం, ఏళ్ల తరబడి ఆయన్ని ఎవరూ లెక్క అడగకపోవడమే.

తిరిగి చేర్చుకోవడం

బల్ల ఆపిన రోజే, తిరిగి రావడానికి ఏం చేయాలో ఆయన చేతికి రాసి ఇవ్వండి. తప్పు ఒప్పుకోవడం, డబ్బు కట్టడం, ఫలానా పెద్దతో నెలకు రెండుసార్లు కూర్చోవడం. ఏళ్లూపూళ్లూ తేల్చకుండా వేలాడదీయడం క్రూరత్వం. పౌలు కొరింథీయులకే రాసిన రెండో పత్రికలో, శిక్ష పొందిన ఒకని గురించి, అతనికి ఆ శిక్ష చాలు, అధిక దుఃఖంలో మునిగిపోకుండా క్షమించి ఆదరించండి అన్నాడు.

ఎంతమంది ఎదుట ఆపారో అంతమంది ఎదుటే చేర్చుకోండి. ఆయన చేత పాపపు చిట్టా మళ్లీ చదివించవద్దు, "నేను తప్పు చేశాను, దేవుడు క్షమించాడు, మీరూ క్షమించండి" అంటే చాలు. పెద్దలు లేచి కుడిచేయి ఇవ్వాలి, ఆ రోజే బల్లలో కూర్చోబెట్టాలి. తర్వాత ఎవరైనా పాత సంగతి ఎత్తితే ఇప్పుడు వాళ్ల దగ్గరికి ఒంటరిగా వెళ్లాల్సి ఉంటుంది. క్షమాపణ వేరు, పదవి వేరు. లెక్కల పుస్తకం మళ్లీ ఆయన చేతికి ఇవ్వకపోవడం క్షమించకపోవడం కాదు, వేరే సేవ ఇవ్వండి. పిల్లల మీద నేరం చేసినవాడు మాత్రం జైలు నుంచి వచ్చి ఎంత పశ్చాత్తాపపడినా మళ్లీ పిల్లల దగ్గరికి వెళ్లే పని ఏదీ ఎప్పటికీ ఇవ్వకూడదు.

ఇక ఎక్కువసార్లు ఎదురయ్యేది, మధ్యలోనే ఆయన అలిగి రెండు వీధుల అవతల ఇంకో సంఘంలో చేరిపోవడం. అక్కడి పాస్టరు గారు కొత్త కుటుంబం వచ్చిందని సంతోషపడి మరుసటి నెలే లెక్కల పుస్తకం అప్పగిస్తారు. మీ పెద్దల్లో ఒకరు ఆ పాస్టరు గారిని నేరుగా కలవండి. నిందలు వద్దు, వివరాలు వద్దు. "అయ్యగారూ, ఈ అన్న మా దగ్గర తేలాల్సిన ఒక విషయం వదిలి వచ్చారు. ఆయన్ని ప్రేమగా చూసుకోండి, బాధ్యత ఇచ్చే ముందు మాత్రం మాతో ఒకసారి మాట్లాడమని ఆయనకే చెప్పండి" అనండి చాలు. రేపు వాళ్ల సంఘం నుంచి మీ దగ్గరికి ఒకరు వచ్చినప్పుడు, బల్లలో చేర్చుకునే ముందు మీరు కూడా అక్కడికి ఒక ఫోన్ చేయండి.